ఏడాది చదువునకు జమాఖర్చు

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన వారము దినములలోనే మన పట్టణములందలి గోడలు, బస్సుల వెనుక అద్దములు, చేతిలోని సెల్‌ఫోను తెరలు సైతము ప్రకటనలతో నిండిపోవును. ఏడాదిలో బిజినెస్ సర్టిఫికెట్టు, ఆరు మాసములలో అకౌంట్సు, నూటికి నూరు ప్లేస్‌మెంటు అని అవి ఊరించుచుండగా, సి.ఇ.సి.యో ఎం.ఇ.సి.యో ముగించిన బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని తండ్రి ఫీజెంత యనియు, తల్లి బస్సులో ఎంత దూరము పోవలె ననియు, మేనమామ ఉద్యోగము వచ్చునా యనియు ప్రశ్నింతురు. మూడును అడుగదగిన ప్రశ్నలే. కాని ఆ మూడింటిని తనలో నిముడ్చుకొన్న నాలుగవ ప్రశ్న యొకటి కలదు. దానిని అడుగువారు అరుదు. ఈ చదువు లేకయే ఈ బిడ్డ గడింపగల దానికంటె, చదివినందువలన అదనముగా గడింపగల దెంత? ఆ అదనము ఎన్నేండ్లకు పెట్టిన వెచ్చమును తీర్చును?

ముందుగా ఈ సర్టిఫికెట్టు అనునదేమో తేల్చుకొనుట మంచిది. ఏలయన ఒకే పేరుతో రెండు వేర్వేరు సరుకులు బజారులో చెలామణి యగుచున్నవి. మొదటిది విశ్వవిద్యాలయ మిచ్చునది. 2020 జూలైలో కేంద్రప్రభుత్వము ఆమోదించిన జాతీయ విద్యావిధానము ననుసరించి, విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2022 డిసెంబరులో డిగ్రీ చదువులకు నూతనమైన చట్రము నొకదానిని ప్రకటించెను. ఆ చట్రము నవలంబించిన చోట్ల, బి.కాం.గాని బి.బి.ఏ.గాని చదువు విద్యార్థి మొదటి సంవత్సరమున 40 క్రెడిట్లు గడించి, ఆ వేసవి సెలవులలో 4 క్రెడిట్ల వృత్తివిద్యా కోర్సు నొకదానిని ముగించి చదువు మానుకొన్నచో అండర్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్టు, 80 క్రెడిట్లతో రెండవ యేట అట్లే మానుకొన్నచో డిప్లొమా, మూడేండ్లకు 120 క్రెడిట్లతో డిగ్రీ, నాలుగేండ్లకు 160 క్రెడిట్లతో ఆనర్సు డిగ్రీ లభించును. నడుమ వెడలిపోయినవారు మూడేండ్లలోపల మరల చేరవచ్చును. మొత్తముమీద ఏడేండ్లలో డిగ్రీని ముగింపవలెను. గడించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను ఖాతాలో విద్యార్థి పేర నిలువయుండును. పూర్వము తండ్రి కాలము చేసియో, పంట దెబ్బతినియో, పెండ్లి కుదిరియో రెండవ యేట కాలేజీ విడిచిన పిల్ల చేతిలో ఇంటరు సర్టిఫికెట్టు తప్ప వేరొక కాగిత ముండెడిది కాదు. చదివిన ఏడాది చదువనట్లే లెక్క. ఆ అన్యాయమును కొంతవరకైన సరిదిద్దుట ఈ ఏర్పాటు నందలి సదుద్దేశము.

రెండవది ప్రైవేటు శిక్షణాలయము లిచ్చునది. ట్యాలీ, ఎక్సెల్, జి.ఎస్.టి., కొంచెము ఆఫీసు ఇంగ్లీషు కలిపి మూడు మాసములు మొదలుకొని ఏడాది వరకు నేర్పి, చివర బంగారు అంచు గల కాగిత మొకటి చేతికిత్తురు. 1956 నాటి యు.జి.సి. చట్టము ప్రకారము డిగ్రీ నిచ్చు అధికారము విశ్వవిద్యాలయములకును, చట్టము ద్వారా ఆ హక్కు పొందిన సంస్థలకును మాత్రమే కలదు. సర్టిఫికెట్టు అను పేరుతో కాగితము నచ్చొత్తించి యిచ్చుటకు ఆ చట్టము అడ్డురాదు. అందుచేత వీనిలో శ్రద్ధగా నేర్పు చోట్లును గలవు, ఫీజు చేతబడిన వెనుక ముఖము చూపని చోట్లును గలవు. కాగితమును చూచి ఏది యెట్టిదో పోల్చుకొనుట సాధ్యము గాదు.

ఇక వెచ్చమును లెక్కింతము. మన కుటుంబములలో ఈ లెక్క ఫీజుతో మొదలై ఫీజుతోనే ముగియుచుండును. తెనాలిలో సి.ఇ.సి. ముగించిన ఒక పిల్ల, రోజూ గుంటూరు పోయివచ్చుచు ఏడాది చదివి సర్టిఫికెట్టు తీసికొనదలచిన దనుకొందము. ఇక్కడి అంకెలు లెక్క సులువుగా సాగుటకై ఊహించుకొన్నవి. పాఠకులు తమ యింటి అంకెలను వీని స్థానమున నిలుపుకొనవచ్చును. ఫీజు 25,000 రూపాయలు, పుస్తకములకును పరీక్ష ఫీజులకును 5,000, బస్సు ఖర్చులు మొదలైనవి 12,000; చేతినుండి పోవునది 42,000. ఇంతటితో లెక్క ముగిసినదని చిట్టా మూసివేయుట వాడుక. కాని ఆ పిల్ల కాలేజీకి పోకున్నచో ఊరిలోని బట్టల దుకాణములో నెలకు 10,000 రూపాయల జీతమునకు కౌంటరు వద్ద నిలిచియుండెడిది. కాలేజీ జరుగు పది నెలలలో ఆ లక్ష రూపాయలు రాకుండ పోయినవి. రానిది పోయిన దానితో సమానమే గనుక, ఆ ఏడాది అసలు వెల 1,42,000. ఫీజు అందులో అయిదవ వంతు కూడ కాదు. 2008 నుండి మన ప్రభుత్వములు వేర్వేరు పేర్లతో నడుపుచున్న ఫీజు రీయింబర్సుమెంటు చేతికందినను, ఆ లక్ష అట్లే నిలిచియుండును. ఉచితముగా చదువుచున్నాననుకొను విద్యార్థియు ఏడాది కాలమును చెల్లించుచునే యున్నాడు.

రాబడి వైపున జరుగు పొరపాటు దీనికంటె పెద్దది. సర్టిఫికెట్టు చేతబట్టుకొని ఆ పిల్ల ఒక ఆడిటరు గారి ఆఫీసులో నెలకు 13,000 జీతమునకు చేరిన దనుకొందము. ఏడాదికి లక్షన్నర పైగా తెచ్చుచున్నది, పెట్టిన సొమ్ము ఏడాదిలోనే తిరిగి వచ్చినది అని యింటివారు సంతోషింతురు. నిజమునకు ఆ 13,000లో 10,000 చదువు లేకయే వచ్చెడివి. చదువు తెచ్చిపెట్టినది 3,000 మాత్రమే, ఏడాదికి 36,000. ఆ లెక్కన 1,42,000 తీరుటకు దాదాపు నాలుగేండ్లు పట్టును. సొమ్మునకు కాలము గడచినకొలది వడ్డీ యుండును గదా. నూటికి పది చొప్పున వడ్డీ కట్టినచో అయిదేండ్లు దాటును. జీతములోని తేడా 3,000కు బదులు 1,500 మాత్రమే యైనచో, వడ్డీ లేకుండ ఎనిమిదేండ్లు, వడ్డీతో పదహారేండ్లు పట్టును. తేడా సగమగుటతోనే గడువు మూడింతలైనది. ఏలయన ఏటేట వచ్చు 18,000లో మొదటి యేడు 14,200 వడ్డీకే చెల్లిపోయి, అసలునకు జమపడునది 3,800 మాత్రమే. ఇట్టి చదువు నష్టమని ఎవరును ముఖాముఖి చెప్పరు. అది ఇల్లు గడవకపోవుటగా మాత్రమే తెలియవచ్చును.

ఈ లెక్కలో రెండవ పక్షమును కూడ వినవలెను. బట్టల దుకాణములో అయిదేండ్లు నిలిచినను జీతము పెద్దగా పెరుగదు. ఆఫీసులో కూర్చుండి లెక్కలు నేర్చినవారికి అనుభవముతోపాటు జీతమును పెరుగును, మధ్యాహ్నము వేరొక దుకాణపు లెక్కలు వ్రాసిపెట్టుటకు అవకాశమును కలుగును. కావున మొదటి నెల జీతమును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. అయిదవ యేటి జీతమును చూడవలెను. ఆ అయిదవ యేటి జీతము కాగితమువలన వచ్చునా, ఆ నడుమ నేర్చిన పనివలన వచ్చునా అనునదే అసలు చిక్కు.

ఆర్థికశాస్త్రమున ఈ చిక్కు చిరకాలముగా వివాదమున నున్నది. 1960లో అమెరికా ఆర్థిక సంఘమున అధ్యక్షోపన్యాస మిచ్చుచు థియొడోర్ షుల్ట్జ్, చదువుమీది వెచ్చమును అనుభోగముగా గాక పెట్టుబడిగా చూడవలె ననియు, విద్యార్థి వదలుకొను సంపాదన అందులో ముఖ్యాంశ మనియు వాదించెను. 1964లో గేరీ బెకర్ ‘హ్యూమన్ క్యాపిటల్’ అను గ్రంథమున ఆ వాదమును గణితబద్ధ మొనర్చెను. వీరి దృష్టిలో చదువు మనుష్యుని పనితనమును పెంచును, పెరిగిన పనితనమునకే జీతము పెరుగును. 1973లో మైకేల్ స్పెన్స్ దానికి భిన్నమైన మార్గమున ఆలోచించెను. యజమానికి అభ్యర్థి లోపలి సామర్థ్యము కనబడదు. శ్రమకోర్చి చదువు ముగించినవాడు పనిలోను శ్రమ కోర్చు ననుకొని, చదువును ఒక సంకేతముగా మాత్రమే గ్రహించును. అట్టిచో చదువు ఏమియు నేర్పకపోయినను జీతము పెరుగవచ్చును. 1979లో షుల్ట్జ్‌నకు, 1992లో బెకర్‌నకు, 2001లో స్పెన్స్‌నకు నోబెల్ బహుమానము దక్కెను. వీరి వాదములను మన సర్టిఫికెట్టునకు అన్వయించినచో తేలున దొక్కటే: ఆ కాగితము నిజముగా పని నేర్పియుండవలెను, లేదా పని వచ్చునని యజమాని నమ్మునట్లు చెప్పగలిగియుండవలెను. రెండును లేనిచో దాని వెల యచ్చు ఖర్చునకు మించదు.

ఒక కాలమున మన ఊళ్లలో ఈ రెండు గుణములు గల సర్టిఫికె ట్టొకటి యుండెను. బస్టాండు దగ్గర మేడమీద టకటకమను యంత్రములతో నడిచిన టైపు ఇన్‌స్టిట్యూటులలో నేర్చి, ప్రభుత్వ సాంకేతిక పరీక్షలలో లోయరు, హయ్యరు ప్యాసైనవారిని మన తండ్రుల తర మెరుగును. ఇంగ్లీషు లోయరు అనగా నిమిషమునకు 30 మాటలు, హయ్యరు అనగా 45 మాటలు. ఆ కాగితమును చూచిన ఆఫీసరునకు వేరొక ప్రశ్న అడుగవలసిన పని యుండెడిది కాదు. అభ్యర్థి చేతి వేగమే అందు వ్రాసియుండెను. బీద కుటుంబముల పిల్ల లెందరో నెలనెల కొద్దిపాటి ఫీజుతో, చదువు మానకయే, సాయంకాలములందు నేర్చి ఆ కాగితముతో గుమాస్తాగిరీ సంపాదించుకొనిరి. కంప్యూటరు వచ్చినపిదప ఆ వేగమునకు గిరాకీ తగ్గినది నిజమే. కాని ఆ సర్టిఫికెట్టు స్పష్టత మాత్రము మరువదగినది గాదు. నేటి బిజినెస్ సర్టిఫికెట్టుమీద ‘మేనేజిమెంటు మూలసూత్రములు’, ‘వ్యాపార వాతావరణము’ అను పాఠ్యాంశముల పేర్లుండును; ఆ పిల్లకు ఏ పని చేయుట వచ్చునో ఎక్కడను కనబడదు.

యజమానికి కావలసిన పని యెట్టిదో ఒక చిన్న బిల్లులో చూడవచ్చును. విజయవాడలోని ఎలక్ట్రికల్ దుకాణ మొకటి అదే రాష్ట్రములోని టోకు వర్తకునివద్ద 5,000 రూపాయల సరుకు కొన్నది. 18 శాతము పన్నుతో బిల్లు 5,900 అయినది. ట్యాలీలో ఎఫ్9 మీట నొక్కి కొనుగోలు వోచరును తెరచుట ఎవరికైనను వారమున వచ్చును. అనుభవము లేనివాడు ఆ 5,900ను మొత్తముగా సరుకు ఖాతాకే వ్రాయును. తెలిసినవాడు 5,000 సరుకు ఖాతాకును, 450 కేంద్ర జి.ఎస్.టి. ఖాతాకును, 450 రాష్ట్ర జి.ఎస్.టి. ఖాతాకును విడదీసి వ్రాయును. సరుకు హైదరాబాదునుండి వచ్చినదైనచో అదే 900ను ఐ.జి.ఎస్.టి. క్రింద వ్రాయును. మొదటివాని వ్రాతవలన, యజమాని తాను కట్టవలసిన పన్నులోనుండి మినహాయించుకొనదగిన 900 రూపాయలు లెక్కలోనుండి జారిపోవును. అంతటితో పని తీరలేదు. మరుసటి నెల 14వ తేదీన వచ్చు జి.ఎస్.టి.ఆర్.-2బి పట్టికలో టోకు వర్తకుడు ఆ బిల్లును చూపెనా లేదా అని సరిచూచి, లేకున్నచో ఫోను చేసి మర్యాదగా గుర్తుచేసి, 20వ తేదీ లోపల జి.ఎస్.టి.ఆర్.-3బి దాఖలు చేయవలెను. నెలకు నాలుగు వందల బిల్లులలో ఇట్టి తప్పులు పది దొరలినను యజమాని నష్టము గుమాస్తా జీతమునకు సమీపించును. ఈ కారణముననే అనుభవజ్ఞుడైన వర్తకుడు అభ్యర్థి తెచ్చిన ఫైలును ప్రక్కకు నెట్టి, పది బిల్లులు ముందు పెట్టి, “ఎక్కించి చూపించమ్మా” అనును.

ప్రభుత్వ కొలువుల సంగతి వేరు. అక్కడ కాగితమే మొదటి మెట్టు. కాని అక్కడ సైతము ఏడాది సర్టిఫికెట్టునకు తావు దొరకుట కష్టము. బ్యాంకు గుమాస్తా పరీక్షకు డిగ్రీ కావలెను. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నడుపు రెండు ప్రధాన పరీక్షలలో ఒకదానికి డిగ్రీ కావలెను, రెండవదానికి ఇంటరు చాలును. మొదటి యేడు ముగించి వెడలినవాడు డిగ్రీవారి సరసన కూర్చుండలేడు. ఇంటరువారి సరసన కూర్చుండుటకు ఆ యేడు చదువవలసిన యక్కరయే లేకుండెను. డిగ్రీకి గల విలువను మూడుతో భాగించి, ఒక భాగము ఏడాది సర్టిఫికెట్టునకు దక్కునని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. అర్హత అనునది భాగములుగా రాదు. చివరి యేడు ముగిసిననాడు ఒక్కసారిగా వచ్చును.

అప్పు చేసి చదువు వారికి ఇంకొక ప్రమాణము కావలెను. అమెరికాలో ప్రభుత్వ సహాయముతో నడుచు సర్టిఫికెట్టు కోర్సులకు 2024 జూలైనుండి అమలులోనికి వచ్చిన నిబంధనలలో ఒకటి మనకును పనికివచ్చునట్టిది. ఆ కోర్సు ముగించినవారి సాధారణ వార్షిక అప్పు వాయిదాలు వారి వార్షిక సంపాదనలో 8 శాతమునకు గాని, జీవనావసరములు పోగా మిగులు ఆదాయములో 20 శాతమునకు గాని లోబడియుండవలెను. అంతేగాక వారి సంపాదన, హైస్కూలుతో చదువు ముగించి పనిచేయుచున్న యువజనుల సంపాదనకు మించియుండవలెను. నెలకు 13,000 తెచ్చుకొను మన తెనాలి పిల్లకు మొదటి ప్రమాణము వర్తింపజేసినచో, ఏడాది జీతము 1,56,000లో 8 శాతము 12,480. అనగా నెలకు 1,040 రూపాయలు. అంతకు మించిన వాయిదా మెడకు చుట్టుకొనుననుట స్పష్టము. బ్యాంకు విద్యారుణములలో చదువు కాలమును, ఆపై ఒక ఏడాదియు వాయిదాలు కట్టనక్కరలేకుండుట పరిపాటి. కాని ఆ విరామమున వడ్డీ నిదురపోదు. కొన్ని శిక్షణాలయములు ఫైనాన్సు కంపెనీలతో కలిసి యిప్పించు అప్పులకు ఆ విరామమును ఉండదు. చేరిన మరుసటి నెలనుండియే వాయిదా మొదలగును, నడుమ మానుకొన్నను ఆగదు. వడ్డీ లేని వాయిదాలనిన మాట వినినప్పుడు, రొక్కముగా కట్టినచో ఫీజెంత తగ్గింతురని యడిగినచో ఆ వడ్డీ యెక్కడ దాగియున్నదో బయటపడును.

సంపాదన నాపకయే నేర్చు మార్గములు మన నేలపై లేకపోలేదు. దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసెను. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు వహించిన ఆ సంస్థ ఉద్యోగము చేసికొనుచు బి.కాం. వంటి డిగ్రీలు చదువుటకు వీలు కల్పించునట్టిది. 2017లో ఆరంభమైన స్వయం అను ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికపై అకౌంటింగు మొదలైన పాఠములను ఉచితముగా వినవచ్చును. పరీక్ష వ్రాసి సర్టిఫికెట్టు కోరిన వారు మాత్రమే రుసుము చెల్లింతురు. చదువులో దిట్టయైన విద్యార్థికి 1949 నాటి చట్టముచే నేర్పడిన చార్టర్డు అకౌంటెంట్ల సంస్థవారి పరీక్షలు గలవు. అవి కఠినములు, తప్పిన వారే యధికులు. ఐనను అందలి ఆర్టికిల్‌షిప్ కాలమున ఆడిటరు గారి దగ్గర పని నేర్చుచు స్టైపెండు పొందవచ్చును. అన్నింటికంటె సామాన్యమైన మార్గమునే చూతము. మన తెనాలి పిల్ల దుకాణపు ఉద్యోగము మానక, సాయంకాలము ట్యాలీ నేర్చి 8,000 ఫీజు కట్టి, అదే దుకాణములో బిల్లులు ఎక్కించు పనికి మారి నెలకు వేయి రూపాయలు అధికముగా తెచ్చుకొన్నచో, ఎనిమిది నెలలలో వెచ్చము తీరిపోవును. జీతములోని పెరుగుదల స్వల్పమే, కాని ఆమె ఏడాదిని వదలుకొనలేదు. తేడా అంతయు అందులోనే యున్నది.

ఇన్ని కోణములనుండి తూచిన పిదప తీర్పు చెప్పుట కష్టము గాదు. డిగ్రీ మధ్యలో లభించు అండర్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్టు, తప్పనిసరియై చదువు విడుచువారికి రక్షణ. దానినే గమ్యముగా పెట్టుకొని కాలేజీలో చేరుట మాత్రము, అర్హతయు రాక పనియు రాక ఏడాదిని వెచ్చించుటయే యగును. చదువు సాగించు స్తోమత గలవారు డిగ్రీని ముగించుచు, దాని ప్రక్కన పని నేర్పు చిన్న కోర్సు నొకదానిని సాయంకాలములందు చేయుట లాభకరము. ఇదివరకే ఉద్యోగములో నుండి, యజమాని ‘ఇది నేర్చినచో జీతము పెంచెదను’ అని స్పష్టముగా చెప్పినవారికి ప్రైవేటు సర్టిఫికెట్టును నిస్సందేహముగా లాభమే. వారి రాబడి ముందే తేలియున్నది. విధిలేక మొదటి యేటనే కాలేజీ విడుచువారు వేసవిలోని ఆ 4 క్రెడిట్ల వృత్తివిద్యా కోర్సును ఎట్లైనను ముగించి, తమ క్రెడిట్లు ఖాతాలో చేరినవో లేవో స్వయముగా చూచుకొని, మూడేండ్ల గడువు తేదీని గోడమీది క్యాలెండరులో వ్రాసిపెట్టుకొనవలెను. ఆ తేదీ దాటినచో తిరిగి చేరు హక్కు పోవును.

తలిదండ్రులకు విన్నప మొక్కటి. ఫీజు కట్టుటకు పోయిననాడు కౌంటరు దగ్గర తొందరపడక, గత సంవత్సరము చదివి వెళ్లిన నలుగురి ఫోను నెంబర్లు అడుగుడు. వారితో మాటలాడి, ఎక్కడ పనిచేయుచున్నారో, చేతికి వచ్చు జీతమెంతో, చేరుటకు ముందు ఎంత తెచ్చుకొనుచుండిరో, అక్కడ నేర్చినదానిలో నేడు వాడుచున్నదెంతో తెలిసికొనుడు. నెంబరు లీయ నిరాకరించిన చోట ఫీజు కట్టకుడు. ఇచ్చినచో, వెనుకటి జీతమునకును నేటి జీతమునకును గల తేడాను ఒక కాగితముపై వ్రాసి, దాని ప్రక్కన ఫీజును, బస్సు ఖర్చును, బిడ్డ వదలుకొను ఏడాది సంపాదనను కూడి చూచుకొనుడు. ఆ తేడాతో నాలుగైదేండ్లలో మొత్తము తీరునట్లున్నచో చేర్పింపుడు. తీరదని తోచినచో, ఆ సొమ్మును డిగ్రీ చివరి యేటికై దాచియుంచుడు.